జ్వరం రాని మనిషి

అందరి మొగుళ్ళూ తలకు నల్లరంగు వేసుకుంటారు. గంగరత్నం మొగుడు తెల్లరంగు వేసుకుంటాడు.

కూతురు చైత్ర నిశ్చితార్థం నాటి పొద్దున కూడా అశ్వత్థనారాయణ అద్దం ముందు నిలబడి, జింకు పౌడరు నీళ్ళలో కలిపి, పాత బ్రష్షుతో కణతల మీదా మీసం మీదా పూసుకుంటున్నాడు. ఆయనకు యాభై అయిదేళ్ళు. అద్దంలో ఉన్న మనిషికి మాత్రం ముప్పై ఒకటి దాటలేదు. నుదుటి మీద గీత లేదు, మెడ కింద ముడత లేదు. వెనకాల మంచం మీద కూర్చుని పూలు కడుతున్న గంగరత్నానికి యాభై ఒకటి. ఆ యాభై ఒకటీ ఆమె మొహంలో ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. దాచుకునే గుణం ఆమెకూ లేదు, ఆమె మొహానికీ లేదు.

"బాగుండాదా?" అన్నాడు ఆయన ఇటు తిరిగి.

"నాకేం తెలుసు. మందు యాడ దాపెట్టినావో చెప్పు. రంగు బాగుండాదో లేదో అప్పుడు చెప్తా."

"కూతురి నిశ్చితార్థం నాడు గుడ్క అదే మాటనా, రత్నా?"

"నువ్వు నిజం చెప్పేదాకా అదే మాట."

ఆయన బ్రష్షు కడిగి కిటికీలో పెట్టి, చొక్కా తొడుక్కున్నాడు.

హిందూపురంలో ఎండలు ముదిరిన రోజులు. కల్యాణ మండపంలో ఫ్యాన్లు పేరుకు తిరుగుతున్నాయి. తాంబూలాలు మార్చుకునే వేళకు అశ్వత్థనారాయణ కణత మీది తెలుపు చెమటలో కరిగి చెంప మీదికి కారింది. పెళ్ళికొడుకు అవ్వ పాపం మంచి మనసుతోనే కొంగుతో తుడిచి, "ఏమప్పా, సున్నం పూసుకున్నావా? పెండ్లికూతురికి అన్నవా, బావవా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గంగరత్నమూ నవ్వింది. నవ్వుతూనే, అందరి ముందూ ఇంత నాటకం ఆడేవాడు ఇంట్లో ఎంత ఆడుతున్నాడో అనుకుంది.

ఈ అనుమానానికి ఇరవై ఏళ్ళు కావస్తున్నాయి. దాని పుట్టుక చెప్పాలంటే పట్టుపురుగుల దగ్గరికి వెళ్ళాలి.

పట్టుపురుగుకు జ్వరం వస్తుందంటే కొత్తవాళ్ళు నవ్వుతారు. పురుగులు మేపే ఇళ్ళలో అది రోజూ వినే మాట. ఆకు తిని తిని పురుగు ఒకనాడు తినడం మానేస్తుంది. తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. జ్వరానికి కూర్చుంది అంటారు. పాత తోలు విడిచి లేచేసరికి ఒక వయసు పెరిగి ఉంటుంది. లేవనివి కూడా ఉంటాయి. వాటిని తట్టలోంచి ఏరి పారేస్తారు.

ఊరి బయట అప్పట్లో ఒక బయటి కంపెనీ వాళ్ళ ల్యాబు ఉండేది. పురుగు తల వెనక ఊరే ఒక రసం మీద అక్కడ పని జరిగేది. ఆ రసం ఊరినంత కాలం పురుగు పురుగుగానే ఉంటుంది, రెక్కలు రావు, ముసలితనం రాదు. దాన్ని మార్చి మార్చి మనిషి వయసును ఉన్నచోట నిలబెట్టే మందు చేశారు. ల్యాబులో పనిచేసే వాళ్ళలోనే కొందరు ముందుకొచ్చి ఆ మందు తాగారు. మిషన్లు బాగుచేసే అశ్వత్థనారాయణ అందరికంటే ముందు సంతకం పెట్టాడు. అప్పటికి అతనికి కొత్తగా పెళ్ళయింది, పురుగుల షెడ్డులో మేత వేసే గంగరత్నంతోనే. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. "నువ్వూ తాగు, ఇద్దరం ఇట్లనే ఉండిపోదాం" అన్నాడు. ఆమె కడుపుతో ఉందని ల్యాబు వాళ్ళు ఒప్పుకోలేదు.

ఏడాది తర్వాత మందు ఆపారు. ఆపిన వాళ్ళకు జ్వరం వచ్చింది. తినలేదు, కదలలేదు, కొన్ని రోజులు అట్లా పడి ఉండి, ఆగిన ఏడాది వయసంతా ఒక్కసారి ఒంటి మీదికి తెచ్చుకుని లేచారు. డ్రైవరు రసూల్ ఒక్కడు లేవలేదు. కంపెనీ భయపడి ల్యాబు మూసేసింది, మల్బరీ మళ్ళు కూడా పెరికి తగలబెట్టి వెళ్ళిపోయింది. అశ్వత్థనారాయణకు మాత్రం జ్వరం రాలేదు.

మొదట్లో మొగుడూ పెళ్ళాలు గండం తప్పిందని దేవుడికి దండం పెట్టుకున్నారు. చైత్ర బడికి పోయే వయసుకు గంగరత్నం దండం పెట్టడం మానేసి ఆలోచించడం మొదలుపెట్టింది. అందరికీ వచ్చింది ఈయనకెందుకు రాలేదు? మందు ఆపలేదు గనుక. ఎక్కడిది? మిషన్లు బాగుచేసేవాడు, ల్యాబులో అన్ని గదులకూ తిరిగేవాడు, మూటగట్టుకుని వచ్చి ఉంటాడు. ఎందుకు? పెళ్ళాం ముసలిదైతే ఇంకొకదాన్ని చూసుకోవచ్చని. లెక్క ఎక్కడా తప్పలేదు. అనుమానంతో వచ్చిన చిక్కే అది, దాని లెక్క ఎప్పుడూ తప్పదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గంగరత్నం ఈశ్వరుడి కంటే పట్టుదల గలది. ఆయన మోటారు వైండింగు షాపులో తీగచుట్టల కింద వెతికింది. చొక్కా జేబులు వాసన చూసింది. ఆయన పళ్ళపొడి మార్చి చూసింది, తలనూనె మార్చి చూసింది. ఆయన కూతురి తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. "బిడ్డ మీద ఒట్టేసి అబద్ధమాడేటోళ్ళను శానామందిని చూసినా" అంది. ఆ రోజు నుంచి ఆయన పడక వరండాలోకి మారింది. మార్చింది ఆమే. ఆయన దిండు తీసుకుని వెళ్ళాడు, ఇల్లు మాత్రం వదలలేదు. ఆ మొహంతో, ఆ వయసుతో ఎక్కడికి పోయినా బతకగలిగినవాడు, పొద్దున షాపుకు పోయి మాపటికి ఇంటికే వచ్చేవాడు. దాన్ని కూడా గంగరత్నం అనుమానించింది. దొంగ సొత్తు ఇంట్లో ఉంటే దొంగ ఇల్లు వదలడు గదా అనుకుంది.

నిశ్చితార్థం అయిన వారానికి, పెరట్లో బట్టలు ఉతికే బండ పక్కన గంగరత్నం పప్పులోకి మల్బరీ ఆకు కోస్తోంది. పక్కింటి సాకమ్మ మేకను తాడుతో లాక్కుంటూ వచ్చింది.

"దీన్ని మడకశిరకు, మా చెల్లెలి దగ్గరికి తోలేస్తాండానక్కా. నాకు అచ్చిరాలే. కొన్నప్పుడు ఎట్లుండెనో ఇప్పుడూ అట్లనే పిల్ల. కొమ్ములు మొలిచేది లేదు, ఈనేది లేదు. ఎన్నేండ్లని మేపల్ల?"

"రోగమేమో చూపించకపోయినావా?"

"రోగమేముండాది. నీ గోడెక్కి ఆకంతా మేసేదానికి వస్తాదే, అప్పుడు చూడు దాని ఎగురుడు." సాకమ్మ చెట్టు కేసి చూసింది. "ఇంత ఆకు కోస్తావు గదా, నువ్వు తినవా అక్కా?"

"పురుగులు మేపిన చేతులు గదా ఇవి. పురుగు నోటికాడి ఆకు ఆడది తింటే పంట ఎత్తిపోతాదని మాయమ్మ తిననిచ్చేది కాదు. చైత్రకు గుడ్క నేను పెట్టలే. ఆయప్పకు మాత్రం ఈ పప్పు, రాగిముద్ద ఉంటే ఇంకేమీ వద్దు." గంగరత్నం కాడలు విరిచి గోడ అవతలికి అలవాటుగా విసిరింది. మేక తాడు తెంపుకునేంత పని చేసింది.

ఆ నెలలోనే ఫరీదా వచ్చింది. చచ్చిపోయిన డ్రైవరు రసూల్ కూతురు. నాయన పోయినప్పుడు బడికి పోయే పిల్ల, ఇప్పుడు డాక్టరు. మూతబడిన ల్యాబులో రెండు గదులు తెరిపించి, ఆ మందు తాగినవాళ్ళను ఒక్కొక్కరినీ వెతికి రక్తం పరీక్ష చేస్తోంది. వచ్చి వరండాలో అశ్వత్థనారాయణ పక్కన కూర్చునేది. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. గంగరత్నం కాఫీ తెస్తే మాట ఆగిపోయేది. చూడబోతే ఇద్దరూ ఈడూ జోడూగా ఉన్నారు. గంగరత్నం గుండె మండిపోయింది. ఆ మంట ఇంత వయసులో వచ్చినందుకు సిగ్గేసింది కూడా.

ఒకరోజు ఫరీదా వరండాలో కూర్చోలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, మీతో ఒక మాట. ఆయన రక్తంలో మందు ఉంది. పాతది కాదు, నిన్నా మొన్నటిది. ఆయన ఇప్పటికీ తీసుకుంటున్నారు."

గంగరత్నం గరిటె కింద పెట్టింది. ఇన్నేళ్ళూ తాను అంటున్న మాట ఇంకొకరి నోట వింటే సంతోషం కలుగుతుందనుకుంది. కలగలేదు.

"మా నాన్న ఆ మందు ఆపి చచ్చిపోయాడు" అంది ఫరీదా. "ఈయన దాచుకుని బతుకుతున్నాడంటే నాకు కడుపు రగిలిపోతోందమ్మా."

అశ్వత్థనారాయణ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే చూపు చూస్తుంటే గోడకు ఆనుకున్నాడు.

"నేను తీసుకోలే" అన్నాడు. "ఎట్ల చెప్తే నమ్ముతారో నాకు తెలీడంలే."

"ల్యాబు గెస్ట్‌హౌసులో ఉండండి" అంది ఫరీదా. "ఒంటి మీద బట్టతో రండి. అక్కడి బట్టలు, అక్కడి తిండి. మందు దొరకకపోతే రక్తమే నిజం చెబుతుంది. కానీ ఒకటి. మందు పూర్తిగా దిగిపోతే జ్వరం రావచ్చు. ఇరవై నాలుగేళ్ళది ఒక్కసారి."

"రానీ" అన్నాడు ఆయన.

గంగరత్నం ఆ మాటను కూడా నమ్మలేదు. వీధి గుమ్మం దాకా వెనకే వెళ్ళి జేబులు తడిమి చూసింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి, చిన్నపిల్లవాడిలా తడమనిచ్చాడు.

ఆయన వెళ్ళాక గంగరత్నం ఇంటిని తిరగదోడింది. అటక దించింది, బియ్యం డబ్బా ఒంపింది, ఆయన పరుపు చింపి దూది తీసింది. మధ్యలో ఫరీదా ఫోను చేసింది. "మందు దిగుతోందమ్మా. ఇక్కడ ఆయనకు అందడం లేదు. మీ ఇంట్లోనే ఎక్కడో ఉంది." గంగరత్నం మరింత కసిగా వెతికింది. చైత్ర బ్యాంకు నుంచి వచ్చి, నడింట్లో గుట్టగా పడి ఉన్న దూదిని చూసి నెత్తి కొట్టుకుంది.

"దొరికితే ఏం చేస్తావమ్మా?"

"ఆయన మొగాన కొడతా. ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ముసలిదాన్ని అయితిని గదా, దానికి జవాబు అడుగుతా."

ఏమీ దొరకలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం సాకమ్మ వచ్చి అరుగు మీద కూలబడింది. "మేక సచ్చిపాయనంటక్కా. మా చెల్లెలు ఫోను చేసింది. ఆడికి పోయినాక మేత ముట్టలేదంట. తల ఎత్తుకుని అట్లనే నిలబడిందంట. చూస్తాండగానే కొమ్ములు మొలిచినాయంట అక్కా, బొచ్చు గట్టిపడిందంట, పండ్లు ఊడినాయంట. వాళ్ళు దయ్యమని భయపడినారు. మళ్ళ లేవలే."

తల ఎత్తుకుని నిలబడింది అన్న మాట దగ్గరే గంగరత్నం ఆగిపోయింది. మేక జ్వరానికి కూర్చుంది. మందు తాగని మేకకు జ్వరం ఎందుకు వస్తుంది? ఆ మేక ఏం తిన్నది?

లేచి పెరట్లోకి వెళ్ళింది. బండ పక్కన మల్బరీ చెట్టు నిగనిగలాడుతోంది. ల్యాబులో ఉన్నప్పుడు కొమ్మలు కత్తిరించిన రోజున, పారేయబోతున్న కట్టెల్లోంచి ఒక పుల్ల తెచ్చి ఇక్కడ గుచ్చింది. పురుగులు మేపే ఇళ్ళలో మల్బరీ పుల్లను ఎవరూ వృథా పోనివ్వరు, తడి ఉన్నచోట గుచ్చుతారు. ఆమె తెచ్చింది మూడో మడిలోది. ఆ మడి ఆకు దళసరిగా, నూనె రాసినట్టు ఉండేది. దాన్ని పురుగులకు వేయనిచ్చేవాళ్ళు కాదు, బుట్టలకెత్తి లోపలి గదుల్లోకి తీసుకుపోయేవాళ్ళు. మందు పురుగు రక్తంలోంచి తీస్తారని కూలివాళ్ళంతా అనుకునేవాళ్ళు. మూడో మడి ఆకు లోపలికెందుకు పోతుందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పనూలేదు. ఆ మందు రసం ఆ మడి చెట్లలోనే ఊరేలా చేశారు. ఇప్పుడు ఆమెకు తెలిసింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. మందు దాచింది ఆమే, పెంచింది ఆమే, పోపు పెట్టి ముద్దతో వడ్డించింది ఆమే. పళ్ళెం ముందు పెట్టి, ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుని, ఈయన మందు ఎక్కడ దాచాడా అని ఆయన మొహం వెతికింది.

బండ మీద కూర్చుంది. ఏడుపు రాలేదు, దానికంటే ముందు భయం వచ్చింది. ఆయన అక్కడ ఆ ఆకు లేకుండా ఉన్నాడు. కొన్నేళ్ళ మేకే లేవలేదు. ఆయనది ఇరవై నాలుగేళ్ళది.

అప్పుడు గంగరత్నం చేసిన పని ఇది. రెండు చేతులా ఆకు కోసింది. పొయ్యి వెలిగించి పప్పు చేసింది. ఎన్ని వందలసార్లు చేసిందో తెలియని పప్పు, తెలిసి చేయడం ఇదే మొదలు. పోపులో ఆవాలు పొయ్యి చుట్టూ చిందితే ఎత్తలేదు. క్యారియరులో సర్ది, ఆటో పిలిచి, ల్యాబు దారి పట్టించింది.

గెస్ట్‌హౌసు గదిలో అశ్వత్థనారాయణ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల కొంచెం పైకెత్తి ఉంది, కదలడం లేదు. పక్కన పళ్ళెంలో అన్నం ముట్టకుండా ఉంది. ఆ తల ఎత్తడం గంగరత్నానికి తెలుసు. చిన్నప్పటి నుంచి వేల తట్టల్లో చూసింది.

"ఏందిట్ల వస్తివి?" అన్నాడు నెమ్మదిగా. "మళ్ళా జోబులు వెతకల్లనా?"

ఆమె క్యారియరు విప్పింది. వాసనకు ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. "ఇది లేకనే నోరు సచ్చిపోయింది ఈడ" అని చెయ్యి చాచాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఆయన తినేవాడు, జ్వరం వెనక్కి పోయేది, ఇంటికి తీసుకుపోయి రోజూ అదే పప్పు పెట్టేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆయన బతికి ఉండేవాడు. గంగరత్నం ఆ చెయ్యి పప్పు దాకా పోనిచ్చింది. తర్వాత మణికట్టు పట్టుకుంది.

"మందు దొరికింది" అంది. "నువ్వు దాచలే. నేను దాచినా. నాకు తెలీకుండా."

చెట్టు సంగతి, మేక సంగతి, మూడో మడి సంగతి చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన పప్పుకేసే చూస్తున్నాడు. అంతా విని, గొంతులో ఏదో నవ్వులాంటిది నవ్వాడు.

"అంటే నా పరుపు చింపి, నా నూనె పారబోసి, మళ్ళ నాకు కూడు పెట్టేటప్పుడు..." గోడ వైపు తిరిగాడు. "వరండాలో పండుకుంటినే రత్నా. అన్నేండ్లు" అన్నాడు.

"తప్పయిపోయింది" అంది గంగరత్నం. పుట్టాక ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. "కొట్టు, తిట్టు, ఇంటికి రావద్దను. ముందు ఇది తిను."

"తినను."

"తినకపోతే జ్వరమొస్తాది. లేస్తావో లేవవో తెలీదు."

"ముసలోనివి కా, ముసలోనివి కా అని కొట్లాడింది నువ్వే గదా. ఇప్పుడు అయితానంటే వద్దంటావా?"

"వద్దంటాండా. నువ్వు ఇట్లనే ఉండు. నీ పక్కన నన్ను చూసి ఎవురెట్ల నవ్వినా నేను పట్టించుకోను. నేను పోయినాక గుడ్క ఇట్లనే ఉండు, నాకు సాలు."

ఆయన ఇటు తిరిగాడు. "నీ పక్కన నడిస్తే కొడుకంటారు. చైత్ర పక్కన నడిస్తే ఆ పిల్ల మొగుడంటారు, ఆ పిల్ల సిగ్గుతో దూరం జరుగుతాది. నేను నేనుగా నడిచి ఎన్నాళ్ళాయనో. నువ్వు లేకుండా ఈ మొగం నాకెందుకు? యాడ పెట్టుకోవల్ల దీన్ని?"

గుమ్మంలో ఫరీదా నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వరండాలో ఈయన నన్ను అడిగేది ఒక్కటే అమ్మా" అంది. "నాకు జ్వరం ఎప్పుడొస్తుంది, తెప్పించే దారి ఏమైనా ఉందా అని. మీకు చెప్పొద్దన్నాడు, మీరు భయపడతారని. నేను అది కూడా నాటకమనుకున్నాను." గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "మా నాన్నకు ఈ జ్వరం తెలిసినవాళ్ళు పక్కన లేరు. ఈసారి నేనున్నాను. లేస్తారని మాత్రం మాట ఇవ్వలేను."

అశ్వత్థనారాయణ క్యారియరు మూత తానే పెట్టి, దూరంగా జరిపాడు. "యాడికీ పోవద్దు" అని భార్య చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

జ్వరం పట్టింది. ఒళ్ళు కాగింది, చల్లబడింది, మళ్ళీ కాగింది. వెంట్రుకల కుదుళ్ళలో మొదట బూడిదరంగు వచ్చింది, అది పైకి పాకి తెలుపైంది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళ పక్కన ఒక్కో గీతా పడుతుంటే గంగరత్నం చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళలో పడాల్సిన గీతలు అవి. ఏ గీత ఏ ఏడాదిదో, ఆ ఏడాది తాను ఆయన్ను ఏమన్నదో గుర్తు చేసుకుని కుమిలిపోయింది.

చైత్ర పెళ్ళి పనులు వదిలి వచ్చింది. పెరట్లో చెట్టు వేళ్ళతో సహా తవ్వించి ఫరీదాకు అప్పగించింది. మంచం పక్కన నిలబడి తండ్రిని చూసి, "మా నాయన మొగం ఇట్లుంటాదని నాకు తెలీదమ్మా" అని బయటికి వెళ్ళి ఏడ్చింది.

మిగతావాళ్ళు లేచినన్ని రోజులకు ఆయన లేవలేదు. గుండె ఒకసారి తడబడితే ఫరీదా సూది వేసి నిలబెట్టింది. ఆ తర్వాత ఆమె గంగరత్నం కళ్ళలోకి చూడటం తగ్గించింది. అనుమానించడం గంగరత్నానికి బాగా అలవాటైన పని. ఇప్పుడు ఆయన ఊపిరిని అనుమానించింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది, తీసి మళ్ళీ పెట్టేది. దేవుడా, ఈ ఒక్క అనుమానం తప్పని చెయ్యి, ఇంకెవర్నీ జన్మలో అనుమానించను అని మొక్కుకుంది.

ఒక పొద్దున చైత్ర తెచ్చిన కాఫీ చల్లారిపోతుండగా మంచం కిర్రుమంది. అశ్వత్థనారాయణ కళ్ళు తెరిచి పైకప్పు చూస్తున్నాడు. ఒంటి మీది తోలు అరచేతుల దగ్గర పొరలుగా లేచింది. లేవబోయాడు, లేవలేకపోయాడు. మోచెయ్యి ఊని మళ్ళీ లేవబోయి మూలిగాడు.

"ఏమైంది? యాడ నొప్పి?" అంది గంగరత్నం లేచి.

"యాడ లేదో అడుగు" అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "నడుము ఇరిగినట్టుండాది. ఈ భుజం పైకి లేయడంలే. మోకాలు పట్టుకునింది. ఏందిది రత్నా, ఇట్లుంటాదా?"

గంగరత్నం మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. ఆమె నొప్పులు ఆమె ఏనాడూ ఆయనకు చెప్పుకోలేదు. ముప్పై ఏళ్ళ పిల్లవాడి మొహం పెట్టుకున్న మొగుడికి మోకాళ్ళ నొప్పి చెప్పుకోవడం నామోషీగా ఉండేది. ఒక్కతే నూనె రాసుకుని, ఒక్కతే తిట్టుకుని, తలుపేసుకుని పడుకునేది.

"ఇట్లనే ఉంటాది" అంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. "పొద్దున లేచేటప్పుడు ఎక్కువుంటాది. నాలుగడుగులేస్తే సర్దుకుంటాది."

"నీకు ఏ మోకాలు?"

"ఎడమది."

"నాకు కుడిది."

ఆమె ఆయన కాలు జాగ్రత్తగా ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. మోకాలు నెమ్మదిగా పట్టసాగింది.

"ఇంకా యాడ?" అంది. "అన్నీ చెప్పు."